ఒక్క మార్కు జవాబు కాదు, ఇల్లిందల సరస్వతీదేవి

భద్రాచలం బస్సు దిగేది ఎల్.బి.నగర్‌లో. డీఎస్సీ కోచింగ్ కోసం అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు సంచులు మోసుకుపోయినవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. ఇల్లిందల సరస్వతీదేవి పేరు మేము మొదట విన్నది అక్కడే, ఒక బిట్‌గా. కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు పొందిన తొలి తెలుగు రచయిత్రి ఎవరు? జవాబు బట్టీపట్టాం. పుస్తకం ఎవరూ చూపలేదు, మేమూ అడగలేదు.

ఆమె 1918లో నరసాపురంలో పుట్టారు. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చారు. ‘దరిజేరిన ప్రాణులు’, ‘ముత్యాల మనసు’ వంటి నవలలు రాశారు. నూరు కథల ‘స్వర్ణకమలాలు’కు 1982లో అవార్డు వచ్చింది. కథకు పేరొచ్చింది గానీ నవలలను జనం మరిచిపోయారు. 1998లో కన్నుమూశారు.

అయితే ఆమె చేసిన ఇంకో పని బిట్‌లో పట్టదు. అది నిజాం పాలన. బడిలో ఉర్దూ, ఇంట్లో తెలుగు. ఆడపిల్లలకు తెలుగులో చదువే అరుదు. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారి తెలుగు బాలికల పాఠశాల 1928లో గానీ మొదలుకాలేదు. ఆ రోజుల్లో సరస్వతీదేవి, నందగిరి ఇందిరాదేవి, మరికొందరు కలిసి ఆంధ్ర యువతీ మండలి పెట్టారు. ఆడవాళ్లు కూర్చుని చదువుకోవడానికి, మాట్లాడుకోవడానికి ఒక చోటు ఏర్పడింది. సాహిత్యాన్ని పోషించడమంటే శాలువా కప్పడం కాదని, రాయబోయేవాళ్లకు చోటివ్వడమని ఆ పని చెబుతుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆమె కథల్లో ఎక్కువగా కనబడేది పట్టణపు మధ్యతరగతి ఇల్లు. మేము చదివినంతలో మన గూడెం ఎక్కడా ఎదురుకాలేదు. అందుకు ఆమెను తప్పుపట్టం. తనకు తెలిసిన గడప లోపలి కష్టాన్నే ఆమె రాశారు. మన గడప గురించి రాయాల్సింది మనమే.

అసలు ఆలోచించాల్సింది ఇక్కడుంది. ఒకప్పుడు ఇదే నేల మీద తెలుగు పిల్ల ఉర్దూ బడిలో నోరు విప్పలేక కూర్చుంది. ఈరోజు కోయ పిల్ల, గోండు పిల్ల తెలుగు బడిలో అలాగే కూర్చుంటోంది. పాఠం చెప్పేది మనమే. “తెలుగులో చెప్పు” అని కసిరేదీ ఒక్కోసారి మనమే.

ఆనాటి ఆడవాళ్లు సర్కారు ఉత్తర్వు కోసం ఎదురుచూడలేదు. మనకూ పెద్ద భవనం అక్కర్లేదు. ఆశ్రమ పాఠశాలలో ఒక మూల, ఒక నోటుపుస్తకం చాలు. పిల్లలు అవ్వ చెప్పిన కథను ఇంటి భాషలోనే, తెలుగు అక్షరాలతో రాసుకోనిద్దాం. తప్పులు దిద్దకుండా ముందు విందాం. వాళ్లలో ఒక అమ్మాయి రేపు నవల రాస్తే, ఆమె పేరు బిట్‌గా మిగలకూడదు. ఆమె పుస్తకం మన బడి అలమరలో ఉండాలి.