తోడేళ్లు తిరిగే మేరలో గుర్రపు స్వారీ

పుదుచ్చేరి తోడేళ్ల నెలవు కాదు. ఊరు దాటి ఆరోవిల్ వైపు ఎర్రమట్టి బాటల్లో స్వారీ చేసేవాళ్లకు పొద్దుగూకే వేళ వినిపించేవి నక్కల ఊళలు, ఎదురొచ్చేవి ఊరకుక్కలు. అయినా తోడేళ్ల మేరలో కావలసిన విద్యంతా ఇక్కడే నేర్చుకోవచ్చు. అక్కడ రౌతుకు పెద్ద ప్రమాదం తోడేలు కాటు కాదు, బెదిరిన గుర్రం మీంచి పడడం.

నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేకపిట్ట కోసం 1988లో ఏర్పడిన అభయారణ్యం ఉంది. ఆ గడ్డిమైదానాల్లో తోడేళ్లు కృష్ణజింకలను వేటాడతాయి, సందు దొరికితే మందలో గొర్రెనూ ఎత్తుకుపోతాయి. మన తోడేలు బరువు 20 కిలోల చుట్టూ ఉంటుంది. చలిదేశాల తోడేలంత భారీది కాదు. 2024లో ఉత్తరప్రదేశ్ బహ్రాయిచ్‌లో పసిపిల్లలు బలయ్యారు, ఆ ఘోరాన్ని తక్కువ చేయలేం. కానీ గుర్రమెక్కిన మనిషిని చూస్తే తోడేలు మామూలుగా తప్పుకునే పోతుంది.

గుర్రానికి ఆ సంగతి తెలియదు. కళ్లు తలకు రెండు పక్కలా ఉండడంతో దాదాపు చుట్టూ కనిపెడుతుంది. పొదలో కదలిక పసిగట్టగానే చెవులు రెండూ ఒకే దిక్కుకు నిక్కుతాయి, మెడ బిగుస్తుంది, ముక్కుపుటాలు విచ్చుకుంటాయి. రౌతు మేలుకోవాల్సింది అప్పుడే. భయంతో కళ్లెం రెండువైపులా లాగితే గుర్రం తల ఎగరేస్తుంది, ముందుకాళ్లు లేపినా లేపుతుంది. మడమలు దించి, బరువంతా జీనులోకి వదిలి, దీర్ఘంగా ఊపిరి విడవాలి. ఒక పగ్గాన్ని మాత్రం మెల్లగా తొడ వైపు తెచ్చి తల పక్కకు తిప్పాలి. మెడ వంగిన గుర్రం దౌడు అందుకోలేదు. ఇది మొదటి అడుగులోనే చేయాలి, దౌడు మీద చటుక్కున తిప్పితే గుర్రమే కూలుతుంది. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందంటారు గానీ, ఇక్కడ చేతులు మెత్తగానే ఉండాలి. గట్టితనం కూర్చున్న తీరులో చూపాలి.

తర్వాత గుర్రాన్ని తోడేలు వైపు తిప్పి చూడనివ్వాలి, గొంతెత్తి మాట్లాడాలి, తోటి రౌతులు దగ్గరగా చేరాలి. పారిపోయేదాన్ని తరమడం వేటజంతువు స్వభావం కాబట్టి పరుగు పనికిరాదు, కిందికి దిగడం అంతకన్నా పనికిరాదు.

సాధన ఊరకుక్కలతోనే మొదలుపెట్టవచ్చు. మొదట పగ్గం పట్టి నడిపిస్తూ కుక్కను దూరం నుంచి చూపించాలి. మెడ బిగుసుకోకముందే వెనక్కి మళ్లించి, రోజురోజుకూ కొంత దగ్గర చేయాలి. తొందరపడితే నేర్పిందంతా పోతుంది.

మిగతాది రాయలసీమ గొర్రెల కాపరుల దగ్గర నేర్వాలి. మందను రాత్రి ముళ్లకంచెలో పెట్టి, కుక్కలతో పాటు తామూ కాపలా పడుకునేవాళ్లు వాళ్లు. తోడేళ్లు పిల్లలు పెట్టే చలికాలంలో ఏ బొరియ వైపు పోకూడదో వాళ్లనే అడగాలి. పెంపుడు కుక్కను వెంట తీసుకెళ్లకండి, తోడేలు తరిమితే అది మీ దగ్గరికే పరుగెత్తుకొస్తుంది. గుర్రానికి రేబిస్ టీకా ముందే వేయించాలి. మనిషికి కాటు పడితే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి.