దస్తావేజులోని సంతానము

ఆంగ్లభాషలో సంతానమును దెలుపు మాటలు పెక్కు గలవు. ‘ఆఫ్‌స్ప్రింగ్’ అనగా ఒకదానినుండి పుట్టుకొని వచ్చినది. ‘ఇష్యూ’ అనగా వెలువడినది. ‘డిసెండెంటు’ అనగా పైతరమునుండి దిగివచ్చిన వ్యక్తి. వీనిలో నేదియు కొడుకా, కూతురా యని యడుగదు. మన ‘సంతానము’, ‘సంతతి’ యను మాటలును అడుగవు. సాగుట యను అర్థముగల సంస్కృతధాతువునుండి యవి పుట్టినవి. వారి మాటలో వంశము దిగునది. మన మాటలో సాగునది.

అట్లుండగా, దస్తావేజు వ్రాయ గూర్చుండునప్పటికి మన కలము మాఱుచున్నది. ‘పుత్రపౌత్రపారంపర్యముగా అనుభవించవలసినది’ అని వ్రాయుదుము. న్యాయస్థానములు దీనిని పూర్ణస్వామ్యమును దెలుపు సంకేతముగా గ్రహించి, స్త్రీలను వెలివేయలేదన్నది నిజమే. కాని ఆ కాగితము చదువగా విను కూతురునకు ఆ వ్యాఖ్యానము తెలియునా? తనకు చోటు లేదనియే యామె గ్రహించును.

ఇంటిమాట యింత పక్షపాతి కాదు. సంస్కృతము కొడుకు కొడుకును పౌత్రుడనియు, కూతురు కొడుకును దౌహిత్రుడనియు వేఱు చేయును. తెలుగున ఇరువురును మనుమలే. శ్రీకాకుళ విజయనగర ప్రాంతములలో ఆడుపిల్ల గుంట, మగపిల్లవాడు గుంటడు, మూలమొక్కటే.

మాట సమమైనంత మాత్రమున బ్రతుకు సమమగునా? విజయనగరమున 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన గురజాడవారి ‘కన్యాశుల్కము’ను చూడుడు. అగ్నిహోత్రావధానుల సంతానములో వెంకటేశమునకు ఇంగ్లీషు చదువు, బుచ్చమ్మకు వైధవ్యము, సుబ్బికి వెల. ఇంగ్లీషున ముగ్గురును ‘ఆఫ్‌స్ప్రింగే’! ఆ ఇంగ్లీషువారి దేశమున సైతము 1925 నాటి చట్టము మాఱ్చువఱకు, వీలునామా లేనిచో భూమి పెద్దకొడుకునకే చెందుచుండెను. కావున మాట యొక్కటే చాలదు.

మన యొద్ద నిపుడు చట్టము ముందునకు నడచినది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు జన్మతః హక్కును ఆంధ్రరాష్ట్రము 1985 సెప్టెంబరు 5 నుండి అమలుపఱచినది. అంతకుముందే వివాహితలైనవారికి మాత్రము అది వర్తింపలేదు. 2005లో కేంద్రచట్టము ఆ భేదమును తొలగించి దేశమంతట హక్కు నిచ్చినది. అయినను, పసుపుకుంకుమల క్రింద ఒక చీర పెట్టి, ఆడపడుచుచేత హక్కు విడుదల దస్తావేజుపై సంతకము చేయించు అన్నదమ్ములు నేటికిని గలరు. ‘పూర్వమునుండి వ్రాసినది పుత్రపౌత్రులకే గదా’ యని వారు చెప్పుకొను సమాధానమునకు ఆ పాతమాట యండగా నిలుచుచున్నది.

ఇకమీదట దస్తావేజు వ్రాయించు గృహస్థులు ‘సంతతిపారంపర్యముగా’ అని వ్రాయింతురు గాక. దీనికి క్రొత్త మాట యక్కఱలేదు, పరభాష యెరువును అక్కఱలేదు. ఇంటిలో బిడ్డలందఱకు చెల్లుచున్న మాట దస్తావేజునందును చెల్లవలెననుటయే మా కోరిక. దానిచేత కూతురునకు సెంటు భూమి యధికముగా రాకపోవచ్చును. కాని ఆమెను సంతకమడుగువానికి ఒక సాకు తగ్గును.