కైఫియత్తులు ఎవరి రచన?

కడప జిల్లా కైఫియత్తులు చదివే పఠిత మొదట అడగవలసింది, ఏ రాజు ఎవరికి ఏ మాన్యం ఇచ్చాడని కాదు. వీటిని రాసిందెవరు, రాయించిందెవరు, ఎవరికోసమని.

1800లో నైజాము దత్తమండలాలను కుంపిణీకి ధారపోశాడు. తరువాత కాలిన్ మెకంజీ దొర సర్వేతోబాటు గ్రామచరిత్రలనూ సేకరింపజేశాడు. దేశభాషలలో ఆయన ఇతరులమీదే ఆధారపడ్డాడు. కావలి బొర్రయ్య, 1803లో బొర్రయ్య గతించాక అతని సోదరుడు లక్ష్మయ్య, ఆ పనికి నోరూ చెవీ అయినారు. 1811లో మెకంజీ జావా వెళ్ళాడు. దొర సముద్రం అవతల ఉన్నా, గుమాస్తాలు ఊరూరా తిరిగి కరణాల కవిలెకట్టలు విప్పించి, శాసనాలు ఎత్తిరాసి పంపుతూనే వచ్చారు.

1816లో థామస్ హికీ గీసిన చిత్రంలో మెకంజీ ఎర్రకోటుతో ముందు నిలిచాడు; చదివి చెప్పినవారు వెనుక నిలిచారు. 1821లో ఆయన మరణించాక, మిగిలిన పని తాను సాగిస్తానన్నాడు లక్ష్మయ్య. సహాయకుడుగా పనికివస్తాడుగాని పెత్తనానికి చాలడని 1836లో కలకత్తా ఏసియాటిక్ సొసైటీ తేల్చింది. ఆ గ్రంథాల పరిశీలన విలియం టైలర్ అనే మిషనరీ చేతికి వెళ్ళింది.

అయితే లక్ష్మయ్యకోసం కన్నీరు కార్చి ఊరుకుంటే అది సగం విమర్శే. గుమాస్తా కరణాన్ని అడిగాడు. చేను దున్నినవాణ్ణి అడిగింది అరుదు. మాన్యం నిలుపుకోవలసిన కరణం తనకు అక్కరయిన చరిత్ర చెప్పాడు. అందుకే కైఫియత్తుల్లో అగ్రహారాలకూ దేవాలయాలకూ ఉన్న చోటు, కరువులో వలసపోయినవాడికి లేదు.

ఇది గతించిన కథ కాదు. దూరదేశపు విశ్వవిద్యాలయం ఒకటి పంపిన ప్రశ్నావళి పట్టుకుని నేనూ కర్నూలు పల్లెల్లో తిరిగాను. "అప్పు ఉందా?" అని ప్రశ్న. "లేదు" అన్నాడు రైతు. లేచివస్తుంటే, చేబదులు మాత్రం నలుగురి దగ్గర ఉందన్నాడు. వడ్డీ లేనిది అతని లెక్కలో అప్పు కాదు. ప్రశ్న మార్చమని రాశాను. ఇతర దేశాల్లోనూ అదే ప్రశ్న వేస్తున్నాము, మార్చితే పోలిక చెడుతుందని జవాబు వచ్చింది. పోలిక నిలిచింది, నిజం జారిపోయింది. అచ్చయిన వ్యాసంలో నా పేరు కృతజ్ఞతల్లో ఉంది. ఆ రైతుకు వ్యాసమే చేరలేదు.

కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కైఫియత్తులను అచ్చువేసి సీమకు తిరిగి ఇచ్చింది. రెండు శతాబ్దాలు పట్టింది! ఇకమీదట అంత ఆలస్యాన్ని సహించరాదు. సేకరించినవాడికి రచయితగా పేరు, ప్రశ్నను దిద్దే హక్కు, చెప్పినవాడికి తెలుగులో ప్రతి - ఇవి మొదటిరోజునే ఒప్పుకున్నప్పుడే దాన్ని సహకారమనాలి. లేకుంటే అది మేధకు వేసిన వెట్టి.