బొమ్మల పాఠాలు – శాస్త్రీయ దృష్టి

సైన్సు విషయాలను అయిదారు నిమిషాల కదిలే బొమ్మలతో చెప్పే పాఠాలు ఈనాడు ఇంటింటా సెల్‌ఫోనులో దొరుకుతున్నాయి. ఉపాధ్యాయులు వీటిని తరగతిలో చూపుతున్నారు. పరీక్షలతో నిమిత్తం లేకుండా విద్యార్థులు వీటిని చూస్తున్నారు. ఇంతమంది చూసే ఈ రచనలను మన విమర్శకులు రచనలుగా గుర్తించినట్టు కనపడదు. కథనూ, కవితనూ, నాటకాన్నీ పట్టుకుని వస్తువేమిటి, శిల్పమేమిటి, రచయిత ఎవరి పక్షాన నిలబడ్డాడు అని విచారించే మనం, వీటిని మాత్రం పిల్లల బొమ్మలని వదిలివేస్తున్నాం. ఇది పొరపాటు. ఈ పాఠాలకు వస్తువూ వుంది, శిల్పమూ వుంది, పక్షమూ వుంది.

వీటిని గురించి రెండు అభిప్రాయాలు వినవస్తున్నాయి. బొమ్మలు చూస్తే చదువు రాదనీ, ఇవి విద్యార్థిని పుస్తకానికి దూరం చేస్తాయనీ కొందరంటారు. ఇవి ఊరూరా వ్యాపిస్తే మూఢవిశ్వాసాలు వాటంతటవే నశిస్తాయని మరికొందరంటారు. మొదటివారి మాటలో కొత్తదాని మీద అనుమానమే తప్ప విచారణ లేదు. రెండవవారి మాటను మన ఇళ్ళలో జరిగిన ఒక సంగతితో పరీక్షించి చూడవచ్చు.

2020 జూన్ 21న సూర్యగ్రహణం పట్టింది. ఆనాడు తెలుగుదేశంలో ఎన్నో ఇళ్ళలో పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలిని నిలబెట్టారు. అది నిలబడింది. గ్రహణం మహిమ వల్ల నిలబడిందన్నారు, విడుపు కాగానే పడిపోతుందన్నారు. ఆ ఫొటోలు సెల్‌ఫోన్లలో ఊళ్ళు తిరిగాయి. చంద్రుడి నీడ భూమి మీద ఎలా పడుతుందో చక్కగా చూపించే బొమ్మల పాఠాలు కూడా ఆ ఫోన్లలోనే వున్నాయి. ఈ రెండింటికీ తగాదా రాలేదు! అడుగు చదునుగా, బరువు సమంగా వున్న రోకలి అమావాస్యనాడూ నిలబడుతుంది, ఆదివారంనాడూ నిలబడుతుంది. మర్నాడు మరొకసారి నిలబెట్టి చూస్తే ఆ సంగతి తేలిపోతుంది. గ్రహణ కారణం తెలిసిన కుర్రవాడికి కూడా ఆ పని చెయ్యాలని తోచలేదంటే, పాఠం అతనికి సమాచారం ఇచ్చిందే గాని విచారించే అలవాటు ఇవ్వలేదన్నమాట. బొమ్మల పాఠాన్ని కొలవడానికి మనకు కావలసిన కొలబద్ద ఇక్కడ దొరుకుతుంది. అది చూసినవాణ్ణి ఎంత ఆశ్చర్యపరిచిందని గాక, చూసిన తర్వాత అతని చేత ఏం చేయించిందని అడగాలి.

ఈ కొలబద్దతో రెండు ప్రసిద్ధమైన రచనలను పరిశీలిద్దాం. రెండింటికీ మూలం 1957వ సంవత్సరంలోనే వుండడం విశేషం.

ఆ ఏడు జనవరిలో అమెరికా టెలివిజన్‌లో డిస్నీ సంస్థ ‘అవర్ ఫ్రెండ్ ది ఆటమ్’ అనే చిత్రాన్ని ప్రదర్శించింది. పరమాణువు మన నేస్తమని దాని భావం. అరేబియన్ కథలలోని బెస్తవాడు సముద్రంలో వలవేస్తే ఒక పాత్ర దొరకడం, మూత తీస్తే భూతం బయటికి రావడం మనమంతా చిన్నప్పుడు విన్నదే. పరమాణు శక్తిని ఆ భూతంగా చిత్రించారు. శృంఖలా చర్యను చూపడానికి వరసలుగా ఎలుకబోనులు పేర్చి, వాటి మీద చిన్న బంతులు పెట్టి, ఒక్క బంతిని విసిరారు. క్షణంలో బోనులన్నీ ఎగిరిపడ్డాయి. ఇంతకంటే తేటగా ఆ విషయాన్ని చెప్పడం కష్టం. శిల్పం దృష్టితో దీన్ని తక్కువ చెయ్యడానికి వీల్లేదు.

అయితే వస్తువు సంగతేమిటి? భూతం మనిషికి లొంగి మూడు కోరికలు తీరుస్తానంటుంది. ఎవరా మనిషి? కథలో వల వేసుకుని బతికే పేదవాడు. చరిత్రలో ఆ మూత ఏ బెస్తవాడి చేతిలోనూ లేదు. అది ప్రభుత్వాల చేతిలో, సైన్యాల చేతిలో, పెద్ద కంపెనీల చేతిలో వుంది. ఈ చిత్రానికి వెనక నిలబడినవారిలో నాటిలస్ అనే అణు జలాంతర్గామిని నిర్మించిన జనరల్ డైనమిక్స్ కంపెనీ వుంది. హిరోషిమా మీద బాంబు పడి అప్పటికి పన్నెండేళ్ళు కూడా నిండలేదు. ‘ఈ శక్తిని ఎవరు నడుపుతున్నారు, ఎందుకు నడుపుతున్నారు’ అనే ప్రశ్న స్థానంలో ‘మనం ఏం కోరుకుందాం’ అనే ప్రశ్న వచ్చి కూచుంది. కుతూహలాన్ని రేపడమూ నిజమే, దాన్ని ఒక దారిలోకి మళ్ళించడమూ నిజమే. పక్షమంటే ఇదే.

రెండవ రచన కథ వేరు. 1957లోనే కీస్ బూకె అనే హాలెండు ఉపాధ్యాయుడు ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. బడి ఆవరణలో పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒక బాలిక బొమ్మతో అది మొదలవుతుంది. ప్రతి బొమ్మకూ కొలత పదిరెట్లు మారుతుంది. ఒకవైపు నక్షత్ర మండలాల దాకా, మరొకవైపు పరమాణు గర్భం దాకా మొత్తం నలభై గెంతులు. ఈ ఆలోచన ఆయన బడిలో, పిల్లలతో కలిసి వస్తువులను రకరకాల కొలతలలో గీయడంలోనుంచి పుట్టింది. దీని ఆధారంగానే 1977లో ఛార్లెస్, రే ఈమ్స్ దంపతులు ‘పవర్స్ ఆఫ్ టెన్’ చిత్రాన్ని తీశారు. దీన్ని తీయించింది కూడా ఒక పెద్ద కంపెనీయే, ఐ.బి.ఎం. నిడివి తొమ్మిది నిమిషాలు. షికాగోలో ఒక పార్కులో దుప్పటి పరుచుకుని వున్న జంట దగ్గర మొదలై, పది సెకండ్లకు పదిరెట్ల చొప్పున మన చూపు దూరమవుతూ సుమారు పదికోట్ల కాంతి సంవత్సరాల దూరానికి పోతుంది. తర్వాత వెనక్కు వచ్చి, నిద్రపోతున్న మనిషి చేతి చర్మంలోంచి ప్రోటాను దాకా దిగుతుంది. దీనికి వ్యాఖ్యానం చెప్పిన ఫిలిప్ మారిసన్ బాంబు తయారీలో పనిచేసి, హిరోషిమా శిథిలాలను కళ్ళారా చూసి, తర్వాత జీవితమంతా అణ్వాయుధాలకు వ్యతిరేకంగా మాట్లాడిన భౌతిక శాస్త్రజ్ఞుడు.

ఈ చిత్రంలో భూతం లేదు, వరాలు లేవు. ఒకే నియమం వుంది. ఆ నియమాన్ని ప్రేక్షకుడి చేతిలో పెట్టారు. తర్వాతి గెంతుకు ఎంత దూరం వస్తుందో అతనే లెక్కకట్టుకోగలడు, తప్పయితే తెలుసుకోగలడు. కంటికి కనపడని దాన్ని చూపడమూ, కాలాన్నీ దూరాన్నీ కుదించి చూపడమూ బొమ్మల సినిమాకు మాత్రమే సాధ్యమైన పనులు. ఆ శక్తిని ఇక్కడ ఆలోచనకు వినియోగించారు. దాని బీజం ఒక బడిలో పిల్లల పెన్సిళ్ళ దగ్గర వుందనే సంగతి మనం మరచిపోరాదు.

ఇంతవరకు చెప్పినది మా అభిరుచికి సంబంధించిన మాట అని ఎవరైనా అనవచ్చు. కాని దీనికి పరిశోధన బలం కూడా వుంది. సిడ్నీ విశ్వవిద్యాలయంలో డెరెక్ మలర్ న్యూటన్ సూత్రాల పాఠాలను కొన్ని రకాలుగా చిత్రించి విద్యార్థులకు చూపాడు. 2008లో ఆ ఫలితాలు వచ్చాయి. ఒకరకం చిత్రాలు విషయాన్ని సూటిగా, తేటగా వివరించాయి. విద్యార్థులు చాలా స్పష్టంగా వున్నాయని మెచ్చుకున్నారు, కాని వారు కొత్తగా నేర్చుకున్నది చాలా తక్కువ. మరొకరకం చిత్రాలలో మామూలుగా విద్యార్థులకుండే తప్పు అభిప్రాయాన్నే ఒక పాత్ర చెబుతుంది, రెండవ పాత్ర వాదిస్తుంది. ఇవి గందరగోళంగా వున్నాయని చూసినవారన్నారు, కాని ఎక్కువ నేర్చుకున్నది వీరే.

కారణం ఊహించడం కష్టం కాదు. బంతిని పైకి విసిరాం. చెయ్యి వదిలిన తర్వాత దాని మీద పనిచేస్తున్న బలమేది? చేతి బలం బంతితోబాటు కొంతదూరం పోతుందని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి, గాలి సంగతి పక్కకు పెడితే, భూమి ఆకర్షణ ఒక్కటే పనిచేస్తుంది. సరైన జవాబు నున్నగా చెప్పే పాఠాన్ని విన్నప్పుడు ‘నాకు తెలిసిందే’ అనుకుంటాం. మన పాత అభిప్రాయం చెక్కుచెదరకుండా లోపలే వుండిపోతుంది, రోకలి నమ్మకం వుండిపోయినట్టే. దాన్ని బయటికి లాగి ఎదురుగా నిలబెట్టే పాఠమే మనిషిని కదిలిస్తుంది. నాటక రచయితకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు: సంఘర్షణ లేనిచోట నాటకం లేదు.

పొరపాటును ఒప్పుకోవడం కూడా పాఠంలో భాగమే. మ్యూనిక్‌లో 2013లో మొదలైన కుర్త్స్‌గెజాక్ట్ అనే బొమ్మల పాఠాల సంస్థ 2019లో తన పాత చిత్రాలు రెండింటిని ఉపసంహరించుకుంది. వ్యసనాన్ని గురించిన చిత్రంలో ఒకవైపు వాదాన్నే సిద్ధాంతంగా చెప్పామని ఒప్పుకుని, ఆ సంగతి మరొక చిత్రంగా తీసి చూపింది. కొన్ని నిమిషాలలో అంతా చెప్పాలనే తొందరకు ఈ ప్రమాదం ఎప్పుడూ వుంటుంది. సైన్సు తన తప్పులు తాను దిద్దుకుంటుందని వంద చిత్రాలలో చెప్పడం కంటే ఇలా ఒకసారి చేసి చూపడం మేలు.

మన దేశంలో ఈ ప్రయత్నం కొత్తది కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సహాయంతో ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలున్నాయి, పాఠాల భాషలలో తెలుగు వుంది. గడువు తీరగానే ఆ ఉపగ్రహం వెళ్ళిపోయింది. మరోవైపు మధ్యప్రదేశ్ హోషంగాబాదు జిల్లాలో 1972లో 16 బడులలో ఒక ప్రయోగం మొదలైంది. అక్కడ పిల్లలు చౌక సామానుతో స్వయంగా ప్రయోగాలు చేసి సైన్సు నేర్చుకున్నారు. ముప్ఫై ఏళ్ళు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో ప్రభుత్వం ఆపివేసింది. ఒకచోట తెర వుంది, మరొకచోట చెయ్యి వుంది. ఈ రెండూ కలవవలసిన అవసరాన్ని మనం గుర్తించాలి.

ఈ పని మన రచయితలది, ఉపాధ్యాయులది కూడా. ఇతర భాషల పాఠాలకు తెలుగు మాటలు అతికించినంత మాత్రాన మన నమ్మకాలతో అవి తలపడలేవు. షికాగో పార్కులో దుప్పటి మీద రోకలి వుండదు గదా! గ్రహణం మీద ఒక తెలుగు పాఠం రాయవలసి వస్తే అది మన ఇంటి పెరట్లో మొదలు కావాలి. అమ్మమ్మ రోకలి నిలబెట్టాలి. ఆమెను వెక్కిరించరాదు. ఆమె కళ్ళతో చూసిందే చెబుతున్నది, చూడవలసినన్ని సార్లు చూడలేదు, అంతే. మనవరాలు అడగాలి: ‘రేపు కూడా నిలబడుతుందేమో చూద్దామా, అమ్మమ్మా?’ నీడలూ, కక్ష్యలూ ఆ తర్వాత బొమ్మలలో రావచ్చు. జవాబు చెప్పకుండానే పాఠం అక్కడ ఆగిపోవాలి. చూసిన పిల్లవాడు ఫోను పక్కన పెట్టి రోకలి కోసం వెతకాలి.