పద్యంలో కట్టిన చట్టం

తెలుగులో మొట్టమొదటి ధర్మశాస్త్రం పద్యాల్లో పుట్టింది. 13వ శతాబ్దంలో, తిక్కన శిష్యుడు మూలఘటిక కేతన రాసిన విజ్ఞానేశ్వరీయము అది. సాహిత్య చరిత్రకారులు దాన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తారు: శాస్త్రగ్రంథం, కవిత్వం తక్కువ. ఆ తీర్పు ఇచ్చినవాళ్లలో ఎంతమంది దాన్ని తాటాకు మీద చదివి ఉంటారని నాకు అనుమానం. అచ్చుపుస్తకంలో చప్పగా కనిపించే ఆ పద్యమే తాటాకు మీద చదివితే కాపలాదారులా నిలబడుతుంది. ఆ సంగతి చెప్పాలనే ఈ వ్యాసం.

ముందు, కేతన తెలుగు చేసిన మూలం మాట. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడి కాలంలో (1076–1126) విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. మన అనంతపురం సీమ కూడా అప్పట్లో ఆ చాళుక్యుల ఏలుబడిలోదే. కేతనను నెల్లూరివాళ్లు తమవాడని చెప్పుకుంటే చెప్పుకోనీండి, మూలగ్రంథం మాత్రం మా పడమటి సీమను ఏలిన కొలువులో పుట్టింది! ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం అని మూడు కాండలు. నడిమిదైన వ్యవహారకాండే అసలు కోర్టు. ఫిర్యాదు, జవాబు, రుజువు, తీర్పు అని దావాకు నాలుగు పాదాలు. రుజువుకు లిఖితం, భుక్తి, సాక్షి అని మూడు దారులు. అవి మూడూ లేనప్పుడే త్రాసు, నిప్పు, నీళ్ల వంటి దివ్యాలు. 1810లో కోల్‌బ్రూక్ మితాక్షరలోని దాయవిభాగాన్ని ఇంగ్లీషు చేశాక దొరల కోర్టులు చాలాచోట్ల దాన్నే హిందూ చట్టంగా పట్టుకున్నాయి. పుట్టుకతోనే కొడుక్కి తాత ఆస్తిలో హక్కు వస్తుందన్న సూత్రం అక్కడిదే. ఆ హక్కును కూతురికీ ఇస్తూ 1985లో ఆంధ్రప్రదేశ్, 2005లో దేశమంతా చట్టం సవరించుకోవాల్సి వచ్చిందంటే, విజ్ఞానేశ్వరుడి మాట ఎంతకాలం చెల్లిందో చూడండి.

ఇక ఆకు. శ్రీతాళపు ఆకు మలబారు వైపు నుంచి వచ్చేదంటారు, మామూలు తాటాకు ఎక్కడైనా దొరికేది. లేత ఆకును ఉడకబెట్టి, ఆరబెట్టి, నునుపుగా రుద్ది, కొలతకు కోసి, బెజ్జం పెట్టి, తాడు గుచ్చి, పైనా కిందా చెక్కపలకలు వేసి కడతారు. పసుపు పూయడం పురుగు పట్టకుండా. ఆకు సంగతి ఇంతే.

రాసేవాడి చెయ్యి చూడాలి. ఎడమచేతిలో ఆకు, కుడిచేతిలో గంటం. గంటపు మొన ఆనడానికి ఎడమ బొటనవేలి గోటికి చిన్న గాటు పెట్టుకునేవాళ్లు. గంటం పెద్దగా కదలదు, ఆకే జరుగుతూ పోతుంది. సిరా ఉండదు. ముందు గీరడం, ఆ తర్వాతే దీపపు మసిని పసరులో కలిపి రుద్దితే గీతల్లో నలుపు నిలిచి అక్షరం పైకి తేలుతుంది. అంటే రాస్తున్నప్పుడు తన అక్షరం తనకే సరిగా కనపడదు! ఈనె వెంట అడ్డగీత గట్టిగా పడితే ఆకు చీలుతుంది. మన అక్షరాలు గుండ్రబడింది అందుకేనని పెద్దలు చెబుతారు. జొన్నగింజంత అక్షరం, రెండు వైపులా రాత, వందల ఆకులు, కొట్టివేతలు అరుదు. ఈ పనిని గుమాస్తాగిరీ అనేవాళ్లను ఒక్క ఆకు రాసి చూపించమనండి.

చదవడం ఇంకో విద్య. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. పద్యాన్ని పాదాలుగా విరవరు, వచనం ఎలా సాగుతుందో పద్యమూ అలాగే సాగిపోతుంది. ‘ధర్మ’ అన్న మాటలో రేఫను ముందు పలుకుతాం కానీ రాతలో అది వలపలగిలకగా మకారానికి కుడిపక్కన కూర్చుంటుంది. ధర్మశాస్త్రంలో ఈ మాట ఎన్నిసార్లు వస్తుందో వేరే చెప్పాలా? ‘అన్న’ను సున్న పెట్టి ‘అంన’ అని రాయడం మామూలు. వత్తక్షరాల కింద గీత ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ప, వ అనే రెండక్షరాలకూ తేడా వెంట్రుకవాసి. ఆస్తి పంపకాల ప్రకరణంలో ‘పాలు’ కాస్తా ‘వాలు’ అయితే అన్నదమ్ముల వాటా ఏమవుతుంది?

కేతన పద్యం ఇక్కడే కాపలా కాస్తుంది. ఛందస్సు తప్పును పట్టిస్తుంది. కందాన్నే తీసుకోండి. నాలుగు పాదాలకూ రెండో అక్షరంలో ప్రాస కుదరాలి. మొదటి పాదం లఘువుతో మొదలైతే మిగతావీ లఘువుతోనే మొదలవాలి. రెండో పాదంలో, నాలుగో పాదంలో నాలుగో గణం మొదట యతి పడాలి. రెండేసి పాదాలు కలిపి లెక్కిస్తే ఆరో గణం నలమో జగణమో కావాలి. రెండో, నాలుగో పాదాల చివర గురువు ఉండాలి. లేఖకుడు ఒక అక్షరం జారవిడిస్తే గణం కుంటుతుంది. ‘పాలు’లోని పకారం ప్రాసస్థానంలో ఉండి అక్కడ వకారం పడితే అక్కడికక్కడే దొరికిపోతాడు. జరిమానా ‘ఇరువది’ అని ఉన్నచోట ‘ముప్పది’ అని రాశాడనుకుందాం. మొదటిది నలం, రెండోది భగణం, రెండూ నాలుగేసి మాత్రలే, కందంలో రెండూ చెల్లేవే. కానీ పాదం మొదట ఉంటే ప్రాస పట్టేస్తుంది. ఆరో గణంగా ఉంటే భగణం అక్కడ నిలవదు. మరీ ఊరకున్న చోట పడితే మాత్రం ఛందస్సు ఏమీ చేయలేదు, ఒప్పుకోవాలి. అప్పుడు రెండో ప్రతి తెచ్చి పక్కన పెట్టుకోవాల్సిందే.

రెండో ప్రతి విలువ ఏమిటో యూరప్‌లో చూడండి. 1140 ప్రాంతంలో బొలోనాలో గ్రేషియన్ అనే ఆయన చర్చి చట్టాలన్నీ ఒకచోట గుదిగుచ్చి డిక్రేటమ్ తయారుచేశాడు. మితాక్షరకు దాదాపు సమకాలికం. తోలు కాగితాల మీద నడుమ మూలం, చుట్టూ నాలుగు వైపులా వ్యాఖ్యలు. మన ఆకు సన్నం, చుట్టూ రాసే చోటు లేదు, అందుకే మన వ్యాఖ్య మూలం వెంటే నడుస్తుంది. ఆ డిక్రేటమ్‌ను శతాబ్దాల తరబడి అచ్చులో చదివారు, దాని మీద కోర్టులు నడిపారు. ఆండర్స్ విన్‌రోత్ అనే చరిత్రకారుడు ఫ్లోరెన్స్, బార్సిలోనా, పారిస్, ఆడ్మాంట్ ప్రతులను ఓపిగ్గా పోల్చి, ఆ గ్రంథం రెండు విడతల్లో తయారైందనీ, మొదటిది చాలా చిన్నదనీ 2000లో వచ్చిన తన పుస్తకంలో నిరూపించాడు. ఎనిమిదిన్నర శతాబ్దాలు అందరి కళ్ల ముందూ ఉన్న పుస్తకం గుట్టు రాతప్రతులు విప్పాయి.

మనకు అంతటి చేతులు లేవా? కడపలో బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి, ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పాఠాలు పోల్చి శుద్ధప్రతులు రాయించాడు. దొరకు పేరొచ్చింది, సరే. ఆ పోలిక పనిలో కళ్లు పోగొట్టుకున్న పండితుల పేర్లు ఎందరికి తెలుసు? మా అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో 1893లో పుట్టిన అనంతకృష్ణశర్మ గారి సంగతి చెప్పకుండా ఉండలేను. తిరుపతిలో అన్నమయ్య రాగిరేకుల పాఠాలను పరిష్కరించడమే కాదు, వాటికి స్వరాలు కట్టి పాడించారు. అక్షరం, ఛందస్సు, సంగీతం మూడూ తెలిసిన ఒకే మనిషి రాగిరేకు ముందు కూర్చోవడమంటే మాటలా! ధర్మశాస్త్రపు ఆకుల ముందు కూర్చోవడానికి అలాంటివాడు కావాలి. వ్యాకరణం, కందం, కోర్టు మూడూ తెలిసినవాడు.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని మా పెనుకొండకు వచ్చింది. కొలువు వెంట పండితులూ వచ్చారు, వాళ్లతో ఆకుల కట్టలూ వచ్చాయంటారు. తర్వాతి కాలంలో వచ్చిన ధాత కరువులో జనమే నిలవలేదు, ఇక ఆకులెక్కడ నిలుస్తాయి? మిగిలిన వాటిని చెదలు కొంత తిన్నాయి, భక్తి ఇంకొంత తిన్నది. పుష్కరాలొస్తే తాత తాటాకుల కట్టకు పసుపు కుంకుమ పెట్టి నదిలో కలిపేయడం ఏం భక్తి? మా ఎండకు ఆకు పెళుసెక్కి అప్పడంలా విరుగుతుంది. నిమ్మగడ్డి నూనె తుడిచి నీడలో పెట్టాల్సిన ఆకును ప్లాస్టిక్ అట్టలో వేసి వేడి యంత్రంలో దూర్చి, భద్రం చేశామంటారు. దాన్ని మించిన హత్య లేదు.

నకిలీలు వేరే. మేళాల్లో అమ్మే తాటాకులను చూడండి. నలుగురైదుగురు దేవుళ్ల బొమ్మలు, మసి పూసి తెచ్చిన ముసలితనం, గంటపు గీతకు బదులు ముద్రించిన రంగు. ఆకును తిప్పి ఏటవాలు వెలుతురులో పట్టుకుంటే అసలు గీత పల్లం తెలుస్తుంది, ముద్రకు పల్లం ఉండదు. నాడీ జ్యోతిష్యం పేరుతో ఆకులు చూపి పుట్టుపూర్వోత్తరాలు చదివేవాళ్లను ఆ ఆకు చివరి గద్య చదవమనండి. రాసినవాడి పేరు, సంవత్సరం, మాసం, తిథి చాలాసార్లు అక్కడే ఉంటాయి. సంవత్సరం రక్తాక్షి అని మాత్రమే ఉండి శకం లేకపోతే అరవయ్యేళ్లకోసారి తిరిగొచ్చే ఆ పేరుతో కాలం తేల్చడం ఎంత కష్టమో చదవగలిగినవాడికే తెలుస్తుంది. వీటికంటే నాకు కోపం తెప్పించేది పండితులు చేసే పని. పాఠం నచ్చకపోతే ఏ ప్రతిలో ఏముందో చెప్పకుండా సవరించి అచ్చువేస్తారు. చట్టగ్రంథంలో అది దొంగదస్తావేజుతో సమానం.

కేతన గ్రంథానికి ప్రతి పాఠాంతరాన్నీ కింద చూపే పరిష్కృత ప్రతి కావాలి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఒక న్యాయవాదిని, ఒక అవధానిని, లిపి తెలిసిన ఒక పండితుణ్ని ఒక బల్ల ముందు కూర్చోబెట్టాలి. ఈలోగా మీ అటకమీద తాటాకుల కట్ట ఉంటే తాడు లాగి విప్పకండి, ఎండలో పెట్టకండి, నదిలో వేయకండి. వరస చెడకుండా గుడ్డలో చుట్టి తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థకో కడప బ్రౌన్ గ్రంథాలయానికో చూపించండి. ఇవ్వడానికి మనసొప్పకపోతే కనీసం ఫొటోలు తీయనివ్వండి.