రెండోసారి ముక్కు మీద కత్తి

మదురైని ఏలిన తెలుగు నాయకుల చరిత్రలో ముక్కుల పేరుతోనే నిలిచిపోయిన యుద్ధం ఒకటుంది. 1656 ప్రాంతంలో మైసూరు పాలకుడు కంఠీరవ నరసరాజు సేన సత్యమంగలం వైపు నుంచి తిరుమల నాయకుడి రాజ్యంలోకి దిగింది. దారిలో దొరికినవాళ్ళకు ముక్కు, దానితోపాటు పైపెదవి కూడా కోసి, వాటిని సంచుల కొద్దీ శ్రీరంగపట్నం పంపించారని ఆనాటి జెస్యూట్ పాదరీల ఉత్తరాల్లో ఉంది. నాయకుడు అప్పటికి మంచాన పడి ఉన్నాడు. రామనాథపురం సేతుపతి సేనతో వచ్చి ఆదుకున్నాడు. మైసూరువాళ్ళు వెనుదిరిగాక మదురై సేన వాళ్ళ వెంటపడి, మైసూరు సీమలో సరిగ్గా అదే పని చేసి వచ్చింది. తిరుమల నాయకుడు 1659లో పోయాడు.

చరిత్ర పుస్తకాలు అక్కడి నుంచి సింహాసనం వెంట వెళ్ళిపోతాయి. ముక్కు పోయిన మనిషి సంగతి తెలియాలంటే నికొలావ్ మనూచీ రాసింది చదవాలి. వెనిస్ నుంచి కుర్రతనంలోనే వచ్చి, మొగలుల కొలువులో వైద్యం చేసి, చివరి రోజులు మద్రాసులో గడిపినవాడు ఇతను. మైసూరుతో పోరులో ముక్కులు పోగొట్టుకున్న బీజాపూర్ సీమ వాళ్ళకు అక్కడి వైద్యులు కొత్త ముక్కులు కట్టడం గురించి రాశాడు. కనుబొమల పైనున్న నుదుటి చర్మం కోసి, మెలితిప్పి కిందికి దించి, పుండు మీద అతికించేవారు. ఊపిరి ఆడేందుకు లోపల అడ్డు ఒకటి పెట్టేవారు. అలా వచ్చినవి నిండైన ముక్కులు కావని, అసలు లేకపోవడం కంటే ఎంతో నయమని, కనుబొమల మధ్య మచ్చ మాత్రం మిగిలేదని చెప్పాడు. అందంతోపాటు ఊపిరి సంగతి కూడా ఆ వైద్యులకు పట్టింది. ఇది గుర్తుంచుకోవలసిన విషయం.

నూరేళ్ళ తర్వాత కావస్జీ కథ వచ్చింది. ఇంగ్లీషు సేనకు ఎడ్లబండి తోలే ఈ మనిషి టిప్పు సుల్తాను మనుషుల చేత చిక్కి, 1792 యుద్ధంలో ముక్కూ ఒక చేయీ పోగొట్టుకున్నాడు. దాదాపు ఏడాది ముక్కు లేకుండానే తిరిగాడు. పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వైద్యుడు మైనంతో ముక్కు అచ్చు చేసి, దాన్ని విప్పి నుదుటి మీద పరిచి, ఆ కొలతకు చర్మం కోసి కొత్త ముక్కు నిలబెట్టాడు. 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజీన్ ఈ సంగతిని బొమ్మతో సహా అచ్చువేసింది. అది చదివిన వైద్యుడు జోసెఫ్ కార్ప్యూ శవాల మీద ఏళ్ళ తరబడి సాధన చేసి, 1814లో లండన్‌లో ఒక సైనికాధికారికి ఇదే ఆపరేషన్ చేశాడు.

ఆ పత్రికా కథనంలో చాలామంది దాటేసే వివరం ఒకటుంది. నుదుటికీ ముక్కుకీ మధ్య వంతెనలా ఉంచిన చర్మాన్ని సుమారు ఇరవై అయిదో రోజున కోస్తారు. అప్పుడు ముక్కు తీరు బాగుపడటానికి మరికొంత కోత అవసరమవుతుందని అందులో రాశారు. అంటే ఆ పుణె వైద్యుడు మొదటి కోత దగ్గరే పని అయిపోయిందని అనుకోలేదు. రెండోసారి సరిదిద్దడం పద్ధతిలోనే ఉంది.

ఈ కాలమ్‌కు పట్టింపు ఉన్నది ఆ రెండో పని మీదే. ముక్కుకు ఒకసారి ఆపరేషన్ అయి, ఫలితం నచ్చకో, ఊపిరి సరిగా ఆడకో మళ్ళీ డాక్టరు గడప తొక్కాలా వద్దా అని ఊగిసలాడే మనుషులు ఎన్నో ఇళ్ళలో ఉన్నారు. కోయంబత్తూరు పీళమేడులో, ఆవారంపాళయంలో, మదురై పాత వీధుల్లో తరాలుగా పాతుకున్న తెలుగు కుటుంబాలూ ఇందుకు మినహాయింపు కాదు. ఇంట్లో పెద్దల మాట ఒకటే: "ముందే బాగుండె గదా పాపా, మళ్ళా కత్తి ఎందుకు?" అలా అనే అవ్వ మాటలో ప్రేమ ఉంది. ఆమె తన పుట్టింటి ముక్కును మనవరాలి ముఖంలో చూసుకుంటూ వచ్చింది. ఆ పోలిక చెరిగిపోయిందన్న బాధ ఆమెకూ ఉంటుంది. కానీ రాత్రి నోరు తెరిచి పడుకునే పిల్లకు ఆ మాట చాలదు.

వైద్యం విషయంలో ఈ ఊళ్ళకు కొదవ లేదు. లక్ష్మీ మిల్లు స్థాపించిన కుప్పుస్వామి నాయుడి పేరిట 1952లో కోయంబత్తూరులో ఆసుపత్రి వెలిసింది. పి.ఎస్.జి. కుటుంబం 1926లో నెలకొల్పిన ధర్మసంస్థ తర్వాత వైద్య కళాశాల దాకా ఎదిగింది. చితికిన చేతులను, తెగిన వేళ్ళను తిరిగి అతికించడంలో కోయంబత్తూరు గంగా హాస్పిటల్‌కు దేశం దాటి పేరుంది. మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో పదకొండు మంచాలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. చేయి తిరిగిన డాక్టరు దొరకడం ఇక్కడ పెద్ద కష్టం కాదు. ఆ డాక్టరును ఏం అడగాలో తెలియకపోవడమే కష్టం.

మొదట తెలుసుకోవలసింది, రెండో ఆపరేషన్ మొదటిదాని కంటే కష్టమైనదని. మిల్లుల ఊళ్ళో పుట్టినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, ఒకసారి కత్తిరించిన బట్టతో మళ్ళీ కుట్టాలంటే గుడ్డ చాలదు. ముక్కులో పైమూడోవంతు ఎముక, కింది భాగమంతా కార్టిలేజ్ అనే మెత్తని ఎముక. లోపల దన్నుగా ఉండేది ముక్కుదూలం. మొదటి ఆపరేషన్‌లో కావలసిన ముక్కలను మామూలుగా ఆ దూలం నుంచే తీస్తారు. పైనా ముందూ కనీసం ఒక సెంటీమీటరు వెడల్పున దన్ను మిగల్చకపోతే ముక్కు మధ్యలో కుంగిపోతుంది. రెండోసారి లోపలికి వెళ్ళిన డాక్టరుకు దూలంలో తీయడానికి ఏమీ మిగలకపోవచ్చు. పొరల మధ్య మచ్చ కణజాలం గట్టిపడి, ఏది ఎక్కడుందో తెలియకుండా అతుక్కుపోయి ఉంటుంది. చర్మానికి రక్తం అందే దారులూ మారి ఉంటాయి.

అప్పుడు మెత్తని ఎముక ఎక్కడి నుంచి తేవాలి? చెవి దొప్ప నుంచి కొంత వస్తుంది. దానికి సహజంగానే వంపు ఉంటుంది కాబట్టి ముక్కుపుటాలకు పనికొస్తుంది, నిటారుగా దన్ను ఇవ్వడానికి అంతగా సరిపోదు. ఎక్కువ కావాలంటే పక్కటెముక, సాధారణంగా ఆరోదో ఏడోదో. దాంతో ఛాతీ మీద మరో గాటు, కొన్నాళ్ళ నొప్పి, అరుదుగా ఊపిరితిత్తుల పొరకు దెబ్బ తగిలే ప్రమాదం. మనలో కొందరి చర్మం ఛాతీ మీద మచ్చను ఉబ్బెత్తుగా పెంచుతుంది, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. చెక్కిన పక్కటెముక కాలక్రమేణా వంకర తిరిగే గుణం కలది. నడిమి భాగం నుంచి, రెండు వైపులా సమానంగా చెక్కితే ఆ వంపు తగ్గుతుందని 1958లో గిబ్సన్, డేవిస్ చూపించారు. తర్వాత ఇంకో దారి దొరికింది. మెత్తని ఎముకను సన్నగా తరిగి, చెవి పైనున్న కండరపు పొరలో చుట్టి, ముక్కు మీద పరిచే పద్ధతి. టర్కీ వైద్యుడు ఎరోల్ 2000లో ఒక రకం గుడ్డతో చేసినదాన్ని అమెరికాలో డేనియల్, కాల్వర్ట్ 2004లో సొంత కండరపు పొరకు మార్చారు.

ఇక ఊపిరి. ముక్కు మీది ఎత్తును చెక్కేసినప్పుడు, పైనుంచి దూలానికి ఆనుకుని ఉండే రెండు పక్క పలకలు పట్టు కోల్పోయి లోపలికి ఒరుగుతాయి. వాటికీ దూలానికీ మధ్య కోణం మామూలుగానే పది, పదిహేను డిగ్రీలు. అది ఇంకాస్త ఇరుకైతే గాలి లాగిన ప్రతిసారీ పక్కలు పీల్చుకుపోతాయి. బయటికి చూస్తే ముక్కు మధ్యలో నొక్కినట్టు, వెలుతురులో తలకిందులైన ఇంగ్లీషు వి అక్షరం నీడలా కనిపిస్తుంది. అమెరికా వైద్యుడు జాక్ షీన్ 1984లో దీనికి మందు చెప్పారు. దూలానికి రెండు వైపులా మెత్తని ఎముకతో చేసిన సన్నని కమ్మీలు పెట్టి ఆ ఇరుకును విప్పడం. స్ప్రెడర్ గ్రాఫ్ట్ అంటే అదే. ముక్కు ఆపరేషన్ తర్వాత వచ్చే ఇబ్బంది కోసమే పుట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు చాలామంది దీన్ని మొదటి ఆపరేషన్‌లోనే చేస్తున్నారు.

అయితే ముక్కు మూసుకుపోయిన ప్రతివాళ్ళకూ కారణం పాత ఆపరేషనే అనుకోకూడదు. అలర్జీతో లోపలి కండలు వాచి ఉండవచ్చు. దానికి స్ప్రే, మాత్రలు చాలు. చెంపను పక్కకు లాగి చూసి, గాలి బాగా ఆడింది కాబట్టి ఆపరేషన్ చేద్దాం అనే డాక్టరు దగ్గర కాస్త ఆగాలి. మామూలు ముక్కు ఉన్నవాళ్ళలో కూడా చాలామందికి చెంప లాగితే గాలి ఎక్కువే ఆడుతుంది. లోపల సన్నని గొట్టంతో చూడటం, మందులు వాడి చూడటం ముందు జరగాలి.

ఎప్పుడు అన్నది ఇంకో ప్రశ్న. మొదటి ఆపరేషన్ జరిగిన ఏడాది లోపు రెండోది వద్దని ఎక్కువమంది వైద్యులు చెబుతారు. వాపు అన్నిటికంటే చివర దిగేది ముక్కు కొన దగ్గర. చర్మం మందంగా ఉన్నవాళ్ళలో అది ఏడాదిన్నర, రెండేళ్ళు కూడా పడుతుంది. మన వైపు ముక్కు కొన చర్మం చాలామందికి మందమే. మూడో నెలలో బొద్దుగా కనిపించిన కొన ఏడాదికి సన్నబడటం మామూలు. కొన్నిచోట్ల గట్టిపడిన మచ్చలో చిన్న మోతాదు స్టెరాయిడ్ సూది వేసి కత్తి లేకుండానే సర్దుతారు. పెళ్ళి ముహూర్తం దగ్గర పడిందనో, సెలవులు అయిపోతున్నాయనో తొందరపడటం ఈ విషయంలో నిజంగా నష్టం తెస్తుంది. ముక్కు లోపలి పొర తెగి పుండు పడితే, లోపల పెట్టిన సిలికాన్ ముక్క చర్మం చీల్చుకుని బయటికి వస్తుంటే, అప్పుడు మాత్రం వెంటనే చూపించుకోవాలి.

వైద్య పత్రికల్లో సాధారణంగా కనిపించే లెక్క ప్రకారం ముక్కు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో నూటికి ఐదు నుంచి పదిహేను మందికి మరోసారి సరిదిద్దవలసి వస్తుంది. కాబట్టి అలాంటివాళ్ళు సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అదే సమయంలో, అద్దంలో ఎవరికీ కనిపించని లోపాన్ని రోజూ గంటల తరబడి చూసుకుంటూ, బయటికి వెళ్ళడం మానేసినవాళ్ళకు మూడో, నాలుగో ఆపరేషన్ మేలు చేయదు. వాళ్ళకు కావలసింది మానసిక వైద్యుడు. అది గుర్తుపట్టి కాదనగలిగిన సర్జన్ గొప్పవాడని ఈ కాలమ్ రాసేవారి గట్టి నమ్మకం. కాదనడం ఆదాయం వదులుకోవడమే కదా.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు చేతిలో ఉండవలసినవి రెండు. మొదటి ఆపరేషన్‌కు ముందు తీయించుకున్న ఫొటోలు, ఎదురుగా ఉన్నవీ పక్కనుంచి తీసినవీ. రెండోది పాత ఆపరేషన్ నోట్స్. దూలం నుంచి ఎంత తీశారు, లోపల ఏం పెట్టారు, ఏ దారం వాడారు అన్నది అందులో ఉంటుంది. చాలామంది డిశ్చార్జి కాగితంతో సరిపెట్టుకుంటారు, అది చాలదు. 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి ప్రకారం ఆసుపత్రిలో చేరినవారి రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్ళు ఉంచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. పాత డాక్టరు మీద కోపం ఉన్నా లేకున్నా, మూడేళ్ళు దాటకముందే ఆ కాగితాలు అడిగి తీసుకోవాలి. ముక్కుపుడక పెట్టుకునేవాళ్ళు దాన్ని ఎప్పుడు తీయాలో, గాయం మానాక ఎన్నాళ్ళకు మళ్ళీ పెట్టుకోవచ్చో కూడా అప్పుడే అడిగి తెలుసుకోవచ్చు.