అదృష్టం ఎవరిది?

ఛాయాచిత్రకళను తక్కువచేసి మాట్లాడేవారి దగ్గర వొక వాదం సిద్ధంగా వుంటుంది. కవి మాటను వెతుక్కుంటాడు, చిత్రకారుడు రేఖను దిద్దుకుంటాడు. ఫోటోగ్రాఫరు మీట నొక్కుతాడు, బొమ్మ పడితే పడింది, లేకుంటే లేదు అంటారు. అదృష్టానికి కళాగౌరవం దేనికని వారి ప్రశ్న. యీ ప్రశ్నను తోసిపుచ్చకుండా వొక ప్రసిద్ధ చిత్రం ముందు నిలబెట్టి చూద్దాం.

1932లో పారిస్‌లోని సాంలజార్ రైల్వేస్టేషను వెనక ఆన్రీ కార్తియే-బ్రెసాన్ తీసిన చిత్రమది. వొక మనిషి నిలవనీటి మీదుగా దూకాడు. మడమ యింకా నీటిని తాకలేదు; కింద అతని ప్రతిబింబం తేటగా వుంది. వెనక గోడమీది పోస్టరులో వొక నర్తకి ఆకారం ఎదురుదిక్కుగా గెంతుతున్నది. కంచెపలకల సందులో కెమెరా పెట్టి తీశాననీ, దృశ్యం తనకు కనిపించనే లేదనీ, అంతా అదృష్టమేననీ ఆయనే వొప్పుకున్నాడు. చిత్రాలను కత్తిరించడం గిట్టని మనిషి, పలక అడ్డువచ్చినందున దీని అంచును మాత్రం కత్తిరించవలసివచ్చింది.

అయితే ఆ సందులో కెమెరా పెట్టాలని తోచినవాడు ఆంద్రే లోత్ దగ్గర చిత్రలేఖనం అభ్యసించినవాడు. కనబడని దృశ్యాన్ని యాదృచ్ఛికం యిచ్చింది. యిచ్చినదాన్ని గుర్తించి, వుంచుకున్నది ఆ శిక్షణపొందిన కన్నే. 1952లో వెలువడిన ఆయన పుస్తకానికి ఇంగ్లీషులో 'నిర్ణాయక క్షణం' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఫ్రెంచి పేరులోని మాట, అనుమతి లేకుండా వీధిలో సరుకు పెట్టి, పోలీసు వస్తే మూటగట్టి పరుగెత్తే చిల్లరవ్యాపారుల తీరుకు వాడేది. మొదటి పేరు కళాకారుణ్ణి సర్వజ్ఞుణ్ణి చేసింది. రెండోది అతన్ని వీధిలోనే వుంచింది. రెండోదే సత్యానికి దగ్గర.

కాని అభ్యుదయ విమర్శ యిక్కడ ఆగరాదు. యీ అదృష్టం కెమెరాకు యివతలివారిదేనా, అవతలివారిది కూడానా?

1936 మార్చిలో అమెరికా ప్రభుత్వ సంస్థ తరఫున పనిచేస్తున్న డొరతియా లాంగ్, కాలిఫోర్నియాలో కారులో యింటికి పోతూ, బఠానీకోత కూలీల శిబిరం బోర్డును దాటిపోయింది. సుమారు 20 మైళ్ళు వెళ్ళాక మనసొప్పక వెనక్కి తిరిగింది. పైరు మంచుకు పాడై పనులు లేని ఆ శిబిరంలో వొక తల్లినీ బిడ్డలనూ కొద్ది నిమిషాలలో ఫోటోలు తీసింది. 'వలస తల్లి' అలా పుట్టింది. శిబిరం సంగతి పత్రికకెక్కాక 20,000 పౌన్ల ఆహారం అక్కడికి చేరింది. అప్పటికే ఆ కుటుంబం కదలిపోయింది. లాంగ్ ఆమె పేరు అడగలేదు. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆ బొమ్మవల్ల తనకు చిల్లిగవ్వ రాలేదని ఆమె అప్పుడు చెప్పుకున్నది.

దీన్నిబట్టి లాంగ్‌ను దోషిగా నిలబెట్టడం తొందరపాటే. ఆ శిబిరంలో అన్నం అందినవారు వున్నారు గదా! అయినా ఆ క్షణంలో సగం ఆ తల్లిదనే మాట మరవరాదు. వొక క్షణానికి ముందూ వెనకా వున్న బతుకును మనచేత అడిగించినప్పుడే యాదృచ్ఛికం గొప్పకళగా నిలుస్తుంది. యీ కొలతతో చూస్తే సాంలజార్ చిత్రానికి ఆనందిస్తాం. 'వలస తల్లి'కి బాకీపడతాం.